అవ్వ కడిగిన అంబాసిడర్

షాపాయన దాన్ని "యాంటిక్ పీస్ మేడం" అన్నప్పుడు నేను తప్పు విన్నాననుకున్నాను. నల్లగొండలో కొత్తగా పెట్టిన గిఫ్టుల దుకాణం అది. మా కాలేజీలో పనిచేసే ఆమె కూతురి పుట్టినరోజుకు ఏదైనా కొందామని వెళ్లాను. అద్దాల బీరువాలో పింగాణీ ఏనుగులకూ బంగారు రంగు బుద్ధుడికీ మధ్య, అరచేతిలో పట్టేంత తెల్ల అంబాసిడర్ కారు. తీసి నా చేతిలో పెట్టాడు. టైర్ల మీద ఒక్క గీత లేదు, తలుపులు తెరుచుకోవు, సీట్లన్నీ కలిపి ఒకే ముద్దగా పోశారు. "ఇప్పటి పోరగాండ్లకు గిది తెల్వదు మేడం, షోకేసుల పెడితే మస్తుంటది" అని చెప్పుకుపోతున్నాడు. నా తలలో ఇంకా ఒక్క వెంట్రుక నెరవలేదు. నేను ఎక్కి తిరిగిన బండి, మా ఇంటికి అన్నం పెట్టిన బండి, అప్పుడే ఏనుగు బొమ్మ పక్కన కూర్చునే పాతసామాను అయిపోయిందా! రంగు పెన్సిళ్ల డబ్బా ఒకటి కొని బయటపడ్డాను కానీ, ఆ రోజంతా నా మనసు నా దగ్గర లేదు.

మాది దేవరకొండలో మగ్గం నేసే ఇల్లు. తాత పోయాక మగ్గం మీద అమ్మ కూర్చునేది, బాపు వాళ్లమ్మ, అంటే మా అవ్వ, పక్కన రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టేది. బాపుకు మాత్రం చిన్నప్పటి నుంచీ మగ్గం గుంటలో కాళ్లు పెడితే ఊపిరాడేది కాదట. "కూసున్న తావుల కూసుంటే నాకు పానం పోతది, నాకు తిరగాలె" అని అవ్వతో పోట్లాడి డ్రైవరయ్యాడు. దేవరకొండ నుంచి నల్లగొండకు జనాన్ని ఎక్కించుకుపోయే తెల్ల అంబాసిడర్ ఆయనది. అప్పటికే రోడ్లన్నీ జీపులూ ఆటోలూ నిండిపోయాయి. అయినా ముసలివాళ్లూ, దవాఖానకు పోయే కడుపుతో ఉన్న ఆడవాళ్లూ ఆ బండి వచ్చేదాకా ఆగేవాళ్లు, కుదుపు లేకుండా పోతుందని. పొద్దున లేచి పళ్లయినా తోముకోకముందే బాపు బండి కడిగేవాడు. పాత పంచె గుడ్డతో తుడిచి, సీట్ల మీది టర్కీ టవళ్లు దులిపి పరిచి, అగరొత్తి వెలిగించి స్టీరింగు చుట్టూ తిప్పేవాడు. డీజిలు, అగరొత్తి, సగం ఆరిన టవలు, ఈ మూడూ కలిసిన వాసన ఇంకెక్కడా నాకు తగల్లేదు. బయట బకెట్టు చప్పుడు, లోపల మగ్గం టకటక, మా ఇంట్లో తెల్లవారడమంటే అదే. అవ్వకు శుభ్రం పిచ్చి. గడప మీద ఎవరి చెప్పు మట్టి కనపడినా ఆ పూట అన్నం కంటే ముందు తిట్లు వడ్డించేది. కొడుకు మగ్గాన్ని వదిలేశాడన్న కోపం ఆమెకు ఎన్నడూ పోలేదు కానీ, తళతళలాడే బండిని చూసి "జర నీటుగనే పెట్టిండు తియ్" అని గొణిగేది. ఆమె నోట అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు.

ఉద్యమం రోజుల్లో అందరిలాగే బాపు కూడా నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్నాడు. తీరా రాష్ట్రం వచ్చాక టీఎస్ అన్నారు. బాపు ముఖం చూడాలి ఆ రోజు! "గిన్నేండ్లు టీజీ టీజీ అని తిరిగితిమి, గిప్పుడు గీ ఎస్సు యాడికెల్లి వచ్చిందే యాదగిరీ?" అని స్టాండులో తన పక్కన బండి పెట్టే యాదగిరి మామను నిలదీశాడు, ఆయనే తెచ్చినట్టు. టీజీని మాత్రం చెరపలేదు. ఇన్నేళ్లకు ప్రభుత్వం మళ్లీ టీజీ అంటోంది. రోడ్డు మీద ప్రతి కొత్త బండి వెనకా బాపు రాయించుకున్న అక్షరాలే కనపడుతుంటే ఇప్పటికీ ఆగి చూస్తాను.

రాష్ట్రం వచ్చిన తర్వాతి మొదటి వానకాలంలో బాపు పోయాడు. వానలోనే నల్లగొండ చేరి, జనాన్ని దించి, బండి పక్కకు పెట్టి స్టీరింగు ముందే కూర్చున్నాడట. ఛాతీ పట్టుకున్నాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. బాపును వేరే బండిలో తెచ్చారు, బాపు బండిని వెనకాల యాదగిరి మామ నడుపుకుంటూ తెచ్చాడు. ఆ సాయంత్రం నాకు గుర్తున్నదల్లా జనం, తడిసిన గొడుగులు, అమ్మ గొంతు. బండిని నేను చూడనే లేదని రెండేళ్లు అనుకున్నాను. నడిపేవాళ్లు లేరు కాబట్టి నెల తిరగకముందే దాన్ని హుజూర్‌నగర్ దిక్కు ఎవరికో అమ్మేశారు. అమ్మ ఏడ్చినంత ఏడ్చింది. అవ్వ కంట మాత్రం చుక్క నీరు రాలేదు. ఆ రోజు నుంచి ఆమె నోట నర్సిమ్మ అన్న బాపు పేరు గానీ, నా కొడుకు అన్న మాట గానీ రాలేదు. చుట్టాలెవరైనా ఎత్తితే లేచి రాట్నం దగ్గరికి వెళ్లిపోయేది. ఆమె ముందు బాపు మాట తేకూడదని ఎవరూ చెప్పకుండానే మేమందరం నేర్చుకున్నాం.

రెండేళ్లు కావస్తుండగా, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒకరోజు కాలేజీ బస్సులో కూర్చుని ఉంటే బాపు బండి బంపరుకు సొట్ట ఏ పక్క ఉండేదో గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బండికి ఒక్క ఫొటో కూడా లేదు మా దగ్గర. నా ఓణీల ఫంక్షను ఫొటోలో ఓ మూల సగం హెడ్‌లైటు, అంతే. ఇవాళ సొట్ట పోయింది, రేపు హారన్ మోత పోతుంది, ఆ తర్వాత బాపు ముఖమే పోతుందని భయం పట్టుకుంది. అప్పుడు నిర్ణయించుకున్నాను, ఆ బండిని చిన్నదిగా మళ్లీ చేయాలని. ఏదో ఒక అంబాసిడర్ కాదు, బాపు బండి, అది ఉన్నది ఉన్నట్టు.

ఫోన్లలో నెట్టు చవకవుతున్న కాలం. వీడియోల్లో ఒక తెల్లాయన ముసలి చేతులతో అరచేతిలో పట్టే బొమ్మకారును గంటల తరబడి కడుతుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. చివర్లో ఆయన మెరిసే ఆ బండికి తుప్పు రంగు, మట్టి రంగు పూయడం చూసి నా వెనక నిలబడ్డ అమ్మ అదిరిపడింది. "ఓరి వీని! మేం కడుక్కోలేక చస్తుంటే వీడు కావాలని మురికి పూస్తుండేందే!" ఆయన దగ్గరున్న సరంజామా ఏదీ దేవరకొండలో దొరకదు. ఫ్లెక్సీలు వేసే దుకాణం వెనక పారేసిన ప్లాస్టిక్ సన్‌బోర్డు ముక్కలు ఏరుకొచ్చి, పొయ్యి సెగకు చూపించి బండి టాపు ఒంపు తిప్పాను. హవాయి చెప్పు కోసి టైర్లు, మందుగోలీల పట్టీ మీది వెండి రేకుతో బంపర్లు, చొక్కా డబ్బా మూతతో అద్దాలు. వైపరుకు మగ్గం అచ్చులోంచి ఊడిపోయిన సన్నటి పుల్ల సరిగ్గా కుదిరింది. సీటు మీదికి టర్కీ టవలు ముక్కే వేశాను. ఇప్పుడు నా బల్ల మీద గాలితో రంగు చిమ్మే పరికరం ఉంది, ఏ కారు భాగమైనా ఫోన్లో నొక్కితే గుమ్మం ముందుకు వస్తుంది. మా కాలేజీ పిల్లలు కంప్యూటర్లో బొమ్మ గీసి మిషన్లోంచి చక్రం దింపుకుంటున్నారు. అన్నిటికంటే నన్ను నివ్వెరపరిచింది, మట్టిని డబ్బాల్లో పెట్టి అమ్మడం. ఎర్రమట్టి ఒక డబ్బా, ఎండిన బురద ఇంకో డబ్బా! దేవరకొండ పిల్లనైన నేను మట్టి కొనుక్కోవాలా?

కొలతలకు యాదగిరి మామ బండే దిక్కయింది. ఆయనా అంబాసిడరే నడిపేవాడు. అమ్మ నేత కొలిచే టేపు పట్టుకుపోయి, స్టాండులో బండి కిందా మీదా దూరి, కొలిచిన ప్రతిదాన్నీ ఇరవై నాలుగో వంతుకు తగ్గించి రాసుకునేదాన్ని. స్టాండులో డ్రైవర్లందరూ పని మానేసి నన్నే చూసేవాళ్లు. "ఆడిపిల్ల టైరు కొలుస్తుందేందిర భై" అని ఒకటే నవ్వు. మామ మాత్రం నవ్వలేదు. "నా బండి కొలిస్తే నా బండే అయితది బిడ్డా. మీ బాపు బండి గిట్ల గాదు. బంపరు సొట్ట ఎడమ దిక్కు, మూలకు. ఎనక సీటు కుడి మూల కుంగుతది, పెద్దోళ్లంత గాడనే కూసునేది" అని ఒక్కొక్కటే చెప్పాడు. సొట్ట దొరికింది! ఆ రోజు స్టాండు నుంచి ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాను, సంతోషంతో.

బండి చేస్తున్నన్ని నెలలూ అవ్వ రాట్నం దగ్గర కూర్చుని చూస్తూనే ఉంది. ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. బండికి తెల్లరంగు గట్టిగా వేసి, నంబరు ప్లేటు మీద టీజీ రాశాక, ఇక మిగిలింది మాసినట్టు చేయడం. ఫోన్లో ఇలా చిన్న బండ్లు చేసేవాళ్ల గుంపు ఒకటుండేది. దసరా తర్వాతి ఆదివారం హైదరాబాదులో అందరి బండ్లూ పెట్టి చూపిస్తున్నారు, నన్నూ రమ్మన్నారు. రోడ్డు మీద తిరిగిన బండిలా కనపడాలంటే మట్టి ఉండాలి కదా. ఇంటి వెనక ఎర్రమట్టి తెచ్చి, జల్లించి, పలచటి జిగురులో కలిపి, పాత బ్రష్షుతో చిమ్మాను. కుడిపక్క ఎక్కువ చిమ్మాను, ఎడమపక్క తక్కువ. డ్రైవరు తలుపు మీద మాత్రం ఎందుకో బొటనవేలితో ఒక బారున మట్టి చెరిపేశాను. డ్రైవరు అద్దాన్ని సగం దించిపెట్టాను. వైపరును అద్దం మధ్యలో ఆగిపోయినట్టు అతికించాను. అలా పెడితేనే అది బాపు బండిలా కనపడింది. పూర్తయ్యాక దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాను. అచ్చం ఆయన బండే.

దసరా పొద్దున అమ్మా నేనూ బంతిపూలకు బజారుకు పోయి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. అవ్వ మగ్గాన్ని కడిగి బొట్లు పెట్టింది. ఆ రోజు పనిముట్లన్నిటికీ పూజ. మగ్గం ముందు వరసగా పోగుల మధ్య తిరిగే నాడె, రాట్నం, కత్తెర, కొడవలి, వాటి చివర నా అంబాసిడర్. తెల్లగా, తళతళలాడుతూ. నెలల తరబడి చేసిన పనికి నేను పూసిన ఆఖరి పూత, ఆ మట్టి, ఒక్క రేణువు లేదు. బానెట్టు మీద పసుపు, కుంకుమ. టాపు మీద బంతిపువ్వు రేక. అద్దాన్ని పైకి నెట్టబోతే రాక, విరిచి తీసి మళ్లీ పైదాకా నిలబెట్టింది. వైపరు కిందికి వంచి ఉంది. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. కొత్త బండికీ పండుగ పూట బండికీ తొక్కించినట్టు తొక్కించబోయింది పాపం, నిమ్మకాయ నలగక ఇరుసే వంగింది. కుంకుడురసం గిన్నె ఇంకా పక్కనే ఉంది, ఎర్రటి నురగతో.

"అవ్వా!" అని నేను పెట్టిన కేకకు అమ్మ చేతిలోని పూలు జారి కింద పడ్డాయి. "ఏం చేసినవే! ఎవరు కడగమన్నరు నిన్ను? బొమ్మబండికి పూజ ఏందే? నా పనంత నాశనం జేసినవు గదా!" అని గొంతు చించుకున్నాను. అవ్వ నా వంక చూసిన చూపులో నా కోపాన్ని మించిన కోపం ఉంది. "ఎందుకు జేసినవే ఆ బండి?" అంది. "బాపు బండి గదా అవ్వా" అన్నాను. "కాదు. నా కొడుకు బండి గట్ల ఎన్నడన్న ఉన్నదా? పొద్దుగాల్నే కడిగి తుడిచి అద్దం లెక్క పెట్టేటోడు. నువ్వు జేసింది ఆనాటి బండి. ఆనాడు యాదగిరి తోలుకొచ్చిన బండి."

అవ్వ వేలు పెట్టి చూపించింది. "కుడి దిక్కు లారీ కొట్టిన బురద. ఈడ, దర్వాజ మీద, వాన్ని దించెటప్పుడు జనం మీద పడి మట్టి తుడుచుకపోయింది. ఊపిరాడక అద్దం సగం దించుకున్నడు, గది గట్లనే వచ్చింది. అద్దం తుడిచే పుల్ల నడుమనే ఆగి ఉండె. అన్ని నువ్వే పెట్టినవు గదనే! ఆ బండిని నా కండ్ల ముంగట మళ్ల ఎందుకు నిలబెట్టినవే బిడ్డా?"

నేను గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. చూడలేదనుకున్నాను. ఆ సాయంత్రం ఆ బండిని చూడనే లేదని రెండేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ చూశాను, చిన్న గీత కూడా వదలకుండా చూశాను. నా మనసుకు తెలియంది నా చేతులకు తెలుసు. బాపును దించుతున్నప్పుడు మట్టి చెరిగిన చోటును నా బొటనవేలితో నేనే చెరిపాను, అది అందంగా ఉందనుకుంటూ! నా చేతుల్ని చూసి నాకే భయం వేసింది. హైదరాబాదు ప్రదర్శన నా బుర్రలోంచి అక్కడికక్కడే పోయింది. ఆ ఆదివారం నేను ఎక్కడికీ వెళ్లలేదు. అంతకంటే నన్ను నిర్ఘాంతపరిచిన సంగతి నాకు కాసేపటికి గానీ తట్టలేదు. అవ్వ "నా కొడుకు" అంది. రెండేళ్ల తర్వాత, మొదటిసారి.

అమ్మ వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ బండిని వరసలోంచి తీసి తన ముందు నేల మీద పెట్టుకుంది. మాతో కాదు, బండితో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని మొదలుపెట్టింది. "ఆ పొద్దు అన్నం తిని పోరా అన్న. యాల్లయితుంది, గిరాకి పోతది అన్నడు. దినాం గదే మాట. నాకు కోపమొచ్చింది. చేతుల నూలు చిక్కువడ్డది, తల గూడ ఎత్తలే. పో, పో అన్న." టాపు మీది బంతిరేకను వేలితో సర్దింది. "పోయిరా అనలే. పుట్టి బుద్ధెరిగినంక ఇంట్లకెల్లి కాలు బయటపెట్టేటోన్ని ఎన్నడు పో అనలే నేను. ఆ ఒక్కనాడే అన్న. పొమ్మన్న, పోయిండు."

మా ఇళ్లలో ఎవరూ పోతున్నానని చెప్పి గడప దాటరు. పోయొస్త అంటారు. ఇంట్లో ఉన్నవాళ్లు పోయిరా అంటారు. పక్కింటికి పోయినా అంతే. అది మాటగా ఎవరం గమనించం కూడా, నోట్లోంచి ఊపిరిలా వచ్చేస్తుంది. ఆ రా అన్న ఒక్క అక్షరాన్ని మింగేసినందుకు రెండేళ్లుగా ఈ ముసలి ప్రాణం కొడుకు పేరు పలకడానికి కూడా తనకు హక్కు లేదనుకుని బతికిందా! అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు, ఒకే కప్పు కింద ముగ్గురం ఆడవాళ్లం ఉండి.

"గందుకే కడిగిన," అంది అవ్వ. "నీటుగ కడిగి, పూజ జేసి, తోలుదామనుకున్న." ముడతలు పడ్డ చెయ్యి టాపు మీద ఆనించింది. పొద్దున బండి తీసేముందు బాపు దాని టాపును తట్టినట్టే మెల్లగా తట్టింది. "పోయిరా నర్సిమ్మా," అంది. "పోయిరా కొడుకా." బండిని ముందుకు నెట్టింది. వంగిన ఇరుసు మీద అది వంకరగా దొర్లుకుంటూ, కింద పడ్డ బంతిపూల మధ్య నుంచి పోయి, గడప దగ్గర నా కాళ్లకు తగిలి ఆగింది.

అవ్వ దానికేసే చూస్తోంది. నా కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నేల మీద మోకాళ్లు ఆనించి, బండి ముఖం ఇంట్లోకి తిప్పి, నిదానంగా, బాపు పోనిచ్చినట్టే కుదుపు లేకుండా, అవ్వ వైపు వెనక్కి తోలాను.

అవ్వ ఉలిక్కిపడింది. తన దగ్గరికి వస్తున్న బండిని కళ్లప్పగించి చూస్తూ, రెండు చేతులూ చాపి ఆపింది. అప్పుడు ఏడ్చింది, రెండేళ్ల ఏడుపూ ఒక్కసారే. ఏడుస్తూనే, విరిగిన అద్దంలోంచి లోపలికి వంగి చూస్తూ అడిగింది.

"వచ్చినవా కొడుకా? అన్నం తిన్నవా?"